పాత బుల్లెట్ ఇంటికొచ్చాక

పాత బుల్లెట్ కొన్నవాళ్లలో చాలామంది మొదట పరుగెత్తేది పెయింటర్ దగ్గరికి. ట్యాంకు మెరుస్తుంది, సైలెన్సర్‌కు క్రోమ్ పడుతుంది, జేబు ఖాళీ అవుతుంది. వారం తిరక్కుండానే బండి ఏ టోల్‌గేటు దగ్గరో మొరాయిస్తుంది. పైగా ఆ కొత్త రంగు కింద పూడిపోయినవి మద్రాసు ఫ్యాక్టరీలో కుంచె పట్టి చేత్తో గీసిన బంగారు గీతలు కావచ్చు. పాతతరం మేస్త్రీల లెక్క వేరు. రంగు సంగతి చివర్లో, ముందు ఆయిలు.

వాళ్లు ‘కాస్ట్ ఐరన్ బండి’ అనేది పాత 350ని. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ, ఒకటే సిలిండరు. 1955లో బుల్లెట్ తయారుచేసే ఇంగ్లండు కంపెనీ, మద్రాస్ మోటార్స్ చేతులు కలిపి మనదేశంలో దీని తయారీకి దిగాయి. ఇంగ్లండులో ఆ కంపెనీ 1970 ప్రాంతంలో మూతపడింది. మద్రాసులో మాత్రం దాదాపు అదే ఇంజిను 2000 దశకం చివరిదాకా సాగింది. అందుకే విజయవాడ ఆటోనగర్‌లో తండ్రి నేర్చిన పని కొడుక్కీ అక్కరకొచ్చింది.

ఆయిల్‌తో ఒక తిరకాసుంది. ఈ ఇంజినులో ఆయిలు నిలవుండే అర వేరు, క్రాంకు తిరిగే అర వేరు. ఒక పంపు ఆయిల్ని పంపుతుంది, ఇంకోటి వెనక్కి లాగుతుంది. బండి వారాల తరబడి కదలకపోతే పంపు సందుల్లోంచి ఆయిలు క్రాంకు వైపు జారిపోతుంది. కొత్త యజమాని డిప్‌స్టిక్ చూసి, తక్కువుందనుకుని అర లీటరు పోస్తాడు. స్టార్ట్ చేయగానే కిందికి దిగినదంతా పైకొస్తుంది, ఎక్కువైంది బ్రీదర్ పైపులోంచి చిమ్ముతుంది. ‘ఇంజిన్ పోయింది సార్’ అని ఎవరో భయపెడతారు. ఏ రోగమూ లేని బండికి హెడ్డు దింపుతారు! కాబట్టి కొలత చూడాల్సింది ఇంజిన్ని ఐదు నిమిషాలు తిప్పి ఆపాకే. కొన్న మర్నాడే పాత ఆయిలంతా దించి, ఫిల్టరు మార్చి, 20డబ్ల్యూ50 పోయించాలి. దించిన ఆయిల్లో మేస్త్రి అయస్కాంతం ముంచి తీస్తాడు. ఇనప రజను గట్టిగా పట్టిందంటే మాత్రం లోపలికి చూడక తప్పదు. హెడ్డుకు వెళ్లే సన్న పైపు బోల్టు కాస్త వదులు చేసి, అక్కడ ఆయిలు ఊరుతోందో లేదో కూడా చూస్తాడు.

ఇక సిగరెట్ కాగితం. పొగతాగని మేస్త్రి దగ్గరా అది ఉంటుంది. ఇగ్నిషన్ పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. దీనికి ఫీలర్ గేజి చాలు. అవి ఏ క్షణంలో విడిపోవాలన్నదే చిక్కు. పిస్టను పైకొసకు చేరడానికి ఇంకా మిల్లీమీటరు లోపు దూరం ఉండగా విడిపోవాలి. ఆ దూరాన్ని ప్లగ్గు రంధ్రంలో సైకిల్ స్పోకు దించి పట్టుకుంటారు. పాయింట్ల మధ్య కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఉంటే, అది వదులైన క్షణమే విడిపోయిన క్షణం. ముందు గ్యాపు, తర్వాతే టైమింగు. గ్యాపు మారితే టైమింగూ మారిపోతుంది మరి. టైమింగు ముందుకు జరిగితే కిక్కు ఎదురుతన్ని మడమ విరగ్గొట్టగలదు. వెనక్కి జరిగితే బండి లాగదు, ఇంజిను సలసల కాగుతుంది.

టాపెట్లకు ఆ గేజి కూడా అక్కర్లేదు. ఇంజిను చల్లగా ఉండగా కుడిపక్క మూత తీయాలి, దానికి ఒకటే నట్టు. వాల్వులు మూసుకున్న స్థితిలో పుష్‌రాడ్ వేళ్ల మధ్య తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. చప్పుడు పోవాలని ఇంకాస్త బిగించేస్తే వాల్వు పూర్తిగా మూసుకోక అంచులు కాలిపోతాయి. నిశ్శబ్దంగా ఉన్న పాత బుల్లెట్టును అమ్మచూపితే మేస్త్రి అనుమానంగా చూసేది ఇందుకే.

మిగతావి ఒక పూట పని. క్లచ్, బ్రేకు కేబుళ్లు, పెట్రోలు పైపు ఎలా ఉన్నా మార్చేయడమే మేలు. టైరు గోడ మీది నాలుగంకెలు చూడాలి. 2314 అంటే 2014లో 23వ వారం తయారైందని. గాట్లు బాగున్నాయని మురిసిపోతే ఆ ముసలి రబ్బరు వానలో జారుతుంది. కాగితాల పనీ అప్పుడే కానివ్వాలి: ఫారం 29, 30, బీమా బదిలీ. 15 ఏళ్లు దాటిన బండి అయితే ఆర్సీ రెన్యువల్ ఎప్పటిదాకా ఉందో కూడా.

నీలం పొగ ఆగకుండా వస్తుంటే బోరు చేయించక తప్పదు. అయినా నెల నడిపాకే ఆ నిర్ణయం. ఇనప బోరులో అల్యూమినియం పిస్టను వేడికి త్వరగా ఉబ్బుతుంది. కొత్త పిస్టనుతో మొదటి కొన్ని వందల కిలోమీటర్లు తొందరపెడితే పట్టేస్తుంది.

ఇంకొకటి, దాన్ని మెకానిక్కు సరిచేయలేడు. పాత బళ్లలో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఒకటి పైకి, మూడు కిందికి. కొత్త బైకులకు అలవాటుపడ్డ కాలు కంగారులో బ్రేకనుకుని గేరును తొక్కేస్తుంది. అందుకే మొదటి వారం ఆదివారం పొద్దున్నే ఏ ఖాళీ కాలేజీ గ్రౌండులోనో నడిపించి, ఆ తర్వాతే బజార్లోకి వదులుతారు.