ఒక చేప, రెండు కాపురాలు

ఓసెలారిస్ క్లౌన్‌ఫిష్ కావాలని అడిగితే కొట్లో కుర్రాడు తెల్లమొహం వేయొచ్చు. 'నీమో' అంటే మాత్రం వెంటనే వల అందుకుంటాడు. 2003లో 'ఫైండింగ్ నీమో' వచ్చాక ఉప్పునీటి అక్వేరియం పెట్టాలని ముచ్చటపడే ప్రతివాళ్లూ ఊహించుకునేది ఒకే దృశ్యాన్ని: ఊగుతున్న అనిమోన్ (పువ్వులా విచ్చుకునే సముద్ర జీవి) వేళ్ల మధ్య నారింజ రంగు చేప దొర్లడం. ఆ దృశ్యంలో చేప దొరకడం తేలికే. ఏ అనిమోన్ తెచ్చి పెట్టాలన్న దగ్గరే పేచీ.

పోల్చి చూడాల్సినవి రెండు జంటలు. ఒకటి సముద్రం కుదిర్చింది: ఓసెలారిస్, మాగ్నిఫికా అనిమోన్. రెండోది తొట్టెల్లో మనుషులు కుదిర్చింది: ఓసెలారిస్, బబుల్ టిప్ అనిమోన్. పెంపకందార్లలో మొదటిదానికి గౌరవం ఎక్కువ, రెండోదానికి చెలామణీ ఎక్కువ. నా ఓటు రెండోదానికే. ఎందుకో తెలియాలంటే చేప మీది నుంచి చూపు మరల్చి, దాని కింద ఉన్న జీవాన్ని చూడాలి.

ముందు సముద్రం మాట. ప్రపంచంలో వెయ్యికి పైగా అనిమోన్ జాతులున్నా క్లౌన్‌ఫిష్‌కు చోటిచ్చేవి పది మాత్రమే. వాటిలోనూ ఓసెలారిస్ సహజంగా చేరేది మూడింట్లో: మాగ్నిఫికా, జైగాంటియా, మెర్టెన్సీ. ఈ మూడింటిలో బబుల్ టిప్ లేదు. అంటే అక్వేరియం ఫొటోల్లో మనం రోజూ చూసే జంట సముద్రంలో కాపురం చేసేదే కాదు. బ్రిటిష్ ప్రకృతి పరిశీలకుడు కత్‌బర్ట్ కాలింగ్‌వుడ్ చైనా సముద్రంలో భారీ అనిమోన్ల మధ్య చేపలు ఉండటం గమనించి 1868లో రాసిన నాటి నుంచీ, ఈ చుట్టరికం ఎలా కలుస్తుందన్న వెతుకులాట ఆగలేదు. 1996లో ఆర్వెడ్‌లుండ్, నీల్సెన్ అనే పరిశోధకులు సరిగ్గా ఈ మొదటి జంట మీదే ప్రయోగం చేశారు. మాగ్నిఫికా పక్కన గుడ్డు పగిలి పుట్టిన ఓసెలారిస్ పిల్లలు పెద్దయ్యాక దాన్ని గుర్తుపట్టి చేరాయి. దాని వాసన తగలకుండా పుట్టినవి అంత సులువుగా చేరలేదు. గుడ్డులో ఉండగానే పుట్టింటి వాసన పట్టేస్తుందన్నమాట.

హేచరీలో పుట్టిన చేపకు ఆ వాసనే తెలియదు. ఫ్లోరిడాలో మార్టిన్ మో 1970లలోనే క్లౌన్‌ఫిష్‌ను వ్యాపారానికి సరిపడా పుట్టించాడు. మన దేశంలోనూ కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అన్నామలై విశ్వవిద్యాలయం పరంగిపేట కేంద్రం వీటిని పుట్టించాయి. తరతరాలుగా గాజు గోడల మధ్య పెరిగిన ఈ చేపకు అనిమోన్ అంటే పుట్టుకతో తెలిసిన చుట్టమేమీ కాదు. అందుకే కొన్ని తొట్టెల్లో హ్యామర్ పగడంలో దూరుతుంది, కొన్నిట్లో నీటి పంపు పక్కన కాపురం పెడుతుంది, గాజు తుడిచే అయస్కాంతాన్ని పట్టుకుని వదలని చేపలూ ఉన్నాయి. బబుల్ టిప్‌ను ఒక చేప మొదటి రోజే అల్లుకుపోతుంది, మరొకటి నెలలు గడిచినా దాని వైపు తిరిగి చూడదు. 'సహజమైన జంటే కావాలి' అనే వాదన ఇక్కడే సగం వీగిపోతుంది. చేప ఏనాడో ఇంటిదైపోయింది. సముద్రానిదిగా మిగిలింది అనిమోన్ ఒక్కటే.

మాగ్నిఫికాను దగ్గరగా చూస్తే అది ఎంత సముద్రానిదో తెలుస్తుంది. పగడపు దిబ్బల మీద ఎత్తైన చోటు చూసుకుని, ఎండా అలా నేరుగా తగిలేలా కూర్చుంటుంది. ఊదారంగు మొదలు, దాని పైన వేళ్ల గుబురు. పెరిగితే మీటరు వెడల్పు. తొట్టిలో దింపగానే ఆ ఎత్తు కోసమే వెతుకులాట మొదలుపెడుతుంది. రాయి దాటుతుంది, గాజు మీదికి పాకుతుంది, పంపు మూతికి చిక్కుతుంది. ఉదయం లేచేసరికి ముక్కలై నీటిలో తేలుతుంటుంది. కుళ్లిన ఆ ముక్కల నుంచి పుట్టే అమోనియా తొట్టిలో మిగిలిన జీవాలనూ తీసుకుపోతుంది. దూరప్రయాణం కూడా దీనికి పడదు. బతికించినవాళ్లు లేకపోలేదు. వాళ్ల తొట్టెలు మామూలు ఇంటి తొట్టెలు కావు.

బబుల్ టిప్ తీరు వేరు. కాలిని రాతి సందులో దాచుకుని వేళ్లు మాత్రం బయట పెడుతుంది. ఆ వేళ్ల చివర ఉబ్బిన బుడగల వల్లే దానికా పేరు. ఆ బుడగలు ఎందుకొస్తాయో, కొన్ని తొట్టెల్లో ఎందుకు మాయమవుతాయో తేలలేదు కాబట్టి, ప్రతి పెంపకందారుకూ దాని మీద సొంత సిద్ధాంతం ఒకటుంటుంది. నచ్చిన సందు దొరికిందంటే పెద్దగా కదలదు. బాగా తిని కుదురుకుంటే నిలువునా చీలి రెండవుతుంది. అలా చీలిన పిల్లలే ఒక ఇంటి నుంచి మరో ఇంటికి చేతులు మారుతుంటాయి. నేను రెండో జంటను మెచ్చడానికి బలమైన కారణం ఇదే. తొట్టిలో చీలిన బబుల్ టిప్‌ను తెచ్చుకుంటే సముద్రం నుంచి ఒక్క ప్రాణీ తగ్గదు. ఇంటి తొట్టికి వచ్చే మాగ్నిఫికా దాదాపుగా సముద్రంలోంచి పెరికి తెచ్చిందే. ఫిలిప్పీన్స్‌లోని సెబూ ప్రాంతంలో అక్వేరియం వ్యాపారం కోసం ఏరిన చోట్ల అనిమోన్లూ క్లౌన్‌ఫిష్‌లూ రెండూ తగ్గిపోయాయని 2005లో షూమన్, హాడ్జ్‌సన్, ఆంబ్రోస్ అనే పరిశోధకులు చూపించారు. అనిమోన్ నిదానంగా పెరిగే జీవం, దశాబ్దాలు బతుకుతుంది. స్కాట్లాండ్ తీరంలో ప్రకృతి పరిశీలకుడు సర్ జాన్ డాలియెల్ 1828లో ఏరి తెచ్చిన ఒక చిన్న అనిమోన్ గాజు పాత్రలో, మనుషులు మార్చే సముద్రపు నీటిలో, 1887 దాకా బతికింది. తెచ్చిన డాలియెల్ 1851లోనే పోయాడు. అది చల్లనీటి జాతి, మొండిది, దాన్ని చూసి మాగ్నిఫికా కూడా అలాగే బతుకుతుందనుకోవద్దు. కానీ ఆరు నెలలకు చచ్చిన అనిమోన్‌ను 'ఆయుష్షు తీరింది' అనేవాళ్లకు ఈ లెక్క చెప్పాలి.

ఇక సహజీవనం మాట. సముద్రంలో ఒకరి తోడు మరొకరికి ప్రాణంతో సమానం. చేప బయటికొస్తే వేటచేపలు మింగుతాయి, చేప లేకపోతే సీతాకోక చేపలు అనిమోన్‌ను కొరుక్కు తింటాయి. చేప విసర్జించే అమోనియా అనిమోన్ ఒంట్లోని నాచుకు ఎరువు. రాత్రిళ్లు చేప వేళ్ల మధ్య కదులుతూ అనిమోన్‌కు ఆక్సిజన్ అందేలా చేస్తుందని 2013లో ఎర్రసముద్రపు జంట మీద జరిగిన పరిశోధన చెప్పింది. తొట్టిలో వేటచేపా లేదు, సీతాకోక చేపా లేదు. మిగిలేది ఎరువూ, గాలీ. మనం చూసి మురిసిపోయే దొర్లాటలో అనిమోన్‌కు దక్కేది అంతే. పైగా చిన్న బబుల్ టిప్‌లో పెద్ద ఆడ చేప దూరితే ఆ మొరటు ప్రేమకు అనిమోన్ ముడుచుకుపోయి తెరుచుకోదు. పటకారుతో రొయ్య ముక్క అందించి చూస్తే ఇంకో వింత కనిపిస్తుంది. చేప దాన్ని నోట కరుచుకుని అనిమోన్ వేళ్లలో కుక్కుతుంది. చూసేవాళ్లు ఆహా అనుకుంటారు. కాసేపటికి అదే చేప వచ్చి ఆ ముక్కను మళ్లీ లాక్కుని తినేస్తుంది.

కాబట్టి బేరీజు వేయాల్సింది చేప ఆనందాన్ని కాదు, అనిమోన్ ఆయుష్షును. దానికి కావలసినవి చేపకు కావలసినవాటి కంటే చాలా ఎక్కువ: పగడాలకు పెట్టేంత వెలుతురు, 1.025 దగ్గర నిలకడగా నిలిచే ఉప్పు సాంద్రత, కనీసం ఆరు నెలలు నడిచి కుదుటపడిన తొట్టి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆర్వో నీళ్లలో ఉప్పు కలిపి చేసే సముద్రం మే నెలలో నీటిని చల్లబరిచే చిల్లర్ లేకుంటే 30 డిగ్రీలు దాటేస్తుంది. కరెంటు పోతే పంపు ఆగుతుంది. బబుల్ టిప్ కూడా ఇదంతా భరిస్తుందని హామీ ఏమీ లేదు, మాగ్నిఫికా కంటే మెరుగని మాత్రమే. కొట్టులో కొనేటప్పుడు తెల్లగా పాలలా మెరిసే అనిమోన్‌ను చూసి ముచ్చటపడితే మొదటికే మోసం. ఒంట్లోని నాచు పోయి ఆకలితో పాలిపోయిన జీవం అది. గాఢమైన పసుపో నీలమో ఉంటే రంగు అద్దారేమోనని అనుమానించాలి.

ఈ బేరీజుకు ఒక అభ్యంతరం న్యాయమైనదే. మనుషుల సౌకర్యం కోసం కుదిర్చిన జంటను చూసి ఇదే ప్రకృతి అని పిల్లలు నమ్మితే ఎలా? నమ్ముతారు, నిజమే. అయితే దానికి విరుగుడు మాగ్నిఫికాను తెచ్చి చంపడం కాదు. సముద్రంలోనూ కుదిరి, ఇంట్లోనూ నిలిచే జంట ఇంకొకటి ఉంది: మరూన్ క్లౌన్‌ఫిష్, బబుల్ టిప్. మరూన్ సహజంగా ఈ ఒక్క అనిమోన్‌నే నమ్ముకుంటుంది. హేచరీల్లోనూ పుడుతుంది. కానీ పెద్ద ఆడది తన అనిమోన్ దగ్గరికి చెయ్యి వస్తే కరుస్తుంది, తొట్టిలో ఇంకో క్లౌన్‌ను బతకనివ్వదు, సినిమా నీమో పోలికలూ లేవు. కొట్ల ముందు నిలబడే పిల్లల వేలు దాని వైపు చూపించదు. అమ్మేవాళ్లూ దాన్ని ముందు వరసలో పెట్టరు.