డ్రమ్ముల్లో మిగిలిన నిరుటి మామిడి

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయినా, మామిడి రోజులొస్తే మా దగ్గర కబుర్లన్నీ ధర చుట్టూనే తిరుగుతాయి. ఫ్యాక్టరీ స్టోర్స్‌లో సరుకు లెక్కలు చూసే ఉద్యోగం నాది. అందుకే నా చూపు ధరకన్నా ముందు నిల్వ మీదికి పోతుంది.

మొన్న ఎండాకాలం దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కిరాణా కొట్టు ముందు నిలబడి ఉన్నాను. మామిడి రసం సీసాల ఆర్డరు రాసుకోవడానికి ఏజెన్సీ కుర్రాడొచ్చాడు.

"పన్నెండు కేసులు రాస్కో తమ్మీ."

"పోయిన వారం ఆరే చెప్పినవ్ గదన్నా?"

"ఆరు చెప్తే మూడేసినవ్. పన్నెండంటేనే ఆరొస్తయ్."

ఆ కొట్లో అమ్ముడుపోయేవి ఆరే. కాగితం మీద రెట్టింపయ్యాయి. దాన్ని చూసి డీలరు కొంత, కంపెనీ కొంత, గుజ్జు ఫ్యాక్టరీ కొంత కలుపుకుంటూ పోతారు. నాలుగు వానలు పడగానే అందరూ ఒక్కసారే కొనడం ఆపేస్తారు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ ఇదే తంతును డైపర్లలో గమనించి బుల్‌విప్ అని పేరు పెట్టింది. పసిపిల్లల వాడకం ఏడాది పొడవునా ఒక్కతీరే, ఆర్డర్లు మాత్రం ఎగిరెగిరి పడేవి.

డైపర్ల మిషన్ ఆపుకోవచ్చు, మామిడి కాపును ఆపలేం. 2025లో చిత్తూరు జిల్లాలో తోతాపురి విరగకాసింది. గుజ్జు ఫ్యాక్టరీల్లో చూస్తే నిరుటి సరుకే డ్రమ్ముల్లో కదలకుండా ఉంది. గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలని, తాను 4 కలిపి రైతుకు 12 అందేలా చూస్తానని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఆ 4 రూపాయలు అవసరమే, కాదనను. కానీ ఆ కబురు కాయ కోతకొచ్చాక అందింది. డ్రమ్ముల సంగతి ఫ్యాక్టరీల వాళ్లకు పూతనాడే తెలుస్తుంది.

అదే నా పట్టు. జనవరిలోనే జిల్లాలో మిగిలిన గుజ్జు ఎన్ని టన్నులో ప్రకటించాలి. బేరంలో దెబ్బతింటామని ఫ్యాక్టరీలు భయపడతాయేమో. ఎవరి దగ్గర ఎంతుందో విడివిడిగా అక్కర్లేదు, మొత్తం చెబితే చాలు. పానీయాల కంపెనీలు కూడా ఆర్డర్లు కాకుండా కొట్లలో నిజంగా అమ్ముడైన లెక్కను ఫ్యాక్టరీలకు చూపాలి. కొరత రోజుల్లో అడిగినదాన్ని బట్టి కాక, అంతకుముందు అమ్మినదాన్ని బట్టి సరుకు పంచితే కొట్టాయన పన్నెండు చెప్పాల్సిన పనే ఉండదు.

పూత చూసి తోటను గుత్తకు పట్టే వ్యాపారి మిగిలిన గుజ్జు అంకె తెలిస్తే ఆచితూచి పాడతాడు. రైతు కొంత కాయను పచ్చిగానే దింపి అమ్ముకుంటాడు, మిగతాదానికి బయటి రాష్ట్రాల కొనుగోలుదారులతో ముందే మాట్లాడుకుంటాడు. జనవరికీ కోతకూ మధ్య అందుకు సరిపడా నెలలున్నాయి.