గుడి మీద వాలిన చుక్క

అమ్మ బైబిల్లో, మత్తయి సువార్త రెండో అధ్యాయం దగ్గర, నాలుగు మడతల కరపత్రం ఒకటి దొరికింది. 1970ల నాటిది. గుంటూరు పట్నంబజారులోని ఓ బట్టలకొట్టు క్రిస్మస్‌కు పంచింది.

పసుపుపచ్చ కాగితం. ఒకవైపు నునుపు, రెండోవైపు గరుకు. నెత్తిన ఎర్రసిరాతో ఐదు మొనల చుక్క, కింద నీలి అక్షరాలు. ట్రెడిల్ మిషను మీద రెండు రంగులంటే కాగితాన్ని రెండుసార్లు అచ్చుకు పెట్టాలి. రెండోసారి వెంట్రుకవాసి జరిగినట్టుంది, చుక్క కిందికి దిగి దాని మొన సరిగ్గా ‘క్రి’ గుడి మీద వాలింది. మా వైపు చర్చిని కూడా గుడే అంటాం. ఎంత నేర్పరి చిత్రకారుడైనా ఆ మొనను అంత అందంగా అక్కడికి దించగలడా!

పెళ్లిపత్రికలో ‘శ్రీరస్తు’ ఉండేచోట ఈ చుక్క ఉంది. భాషా పెళ్లిపత్రికదే. కొట్టు యజమాని సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయమంటాడు, ఆహ్వానం మన్నించమంటాడు. ధరల ఊసు అట్టడుగున, చిన్న టైపులో. కొనేవాణ్ణి ముందు చుట్టంగా పిలిచి, తర్వాతే బేరానికి దిగే మర్యాద అది. ఈనాటి నిలువెత్తు ఫ్లెక్సీల్లో నాకా పిలుపు వినిపించదు. పెళ్లిపత్రిక భాషలో క్రిస్మస్ ఇలా కలిసిపోవడానికి కాలం పట్టింది. లూథరన్ మిషనరీ హయర్ గుంటూరు చేరింది 1842లో. నూరేళ్లు దాటేసరికి ‘క్రిస్మస్’ అనే మాట కంపోజిటరు వేళ్లకు ‘ఉగాది’ అంత అలవాటైంది.

క్రిస్మస్ ముందు రోజులంటే డెల్టాలో వరికోతలై కూలిడబ్బులు చేతికందే రోజులు. మైకు కట్టిన రిక్షా ఊళ్లోకొచ్చి కాగితాలు గాల్లోకి విసిరేది. దుమ్ములో పడి ఏరుకునేవాళ్లం. ఆ తర్వాత బజారు, ఒకే తానులోంచి పిల్లలందరికీ గుడ్డ, ఆపైన దర్జీ చుట్టూ తిరుగుళ్లు. ఇరవైనాలుగో తేదీ రాత్రి దర్జీ అరుగుమీద లాంతరు వెలుగులో కాజాలు కుడుతుంటే, గుళ్లో మొదటి గంట వినబడేది. గుండీలు కుట్టీకుట్టకముందే చొక్కా తొడుక్కుని పరుగు. మెడదగ్గర కొత్త గుడ్డ గంజివాసన.

కరపత్రం తిప్పి చూశాను. గరుకువైపు అమ్మ పెన్సిల్‌తో రాసుకున్న పద్దు. చొక్కా గుడ్డ, గౌను గుడ్డ, కాజాల కూలి, కొవ్వొత్తులు, కానుక. ‘కానుక’ కింద రెండు గీతలు.