దిగేటప్పుడే అసలు డ్రైవింగ్

ఆల్ప్స్‌లో కారవాన్ యాత్ర చేసొచ్చిన వాళ్లను కదిలిస్తే ఎక్కిన కనుమల గురించే చెబుతారు. ఎంత ఎత్తు, ఎన్ని మలుపులు, పైన ఎంత చలి. దిగిన సంగతి ఎవరూ ఎత్తరు. కారు వెనక ఇల్లు తగిలించుకుని తిరిగేవాళ్ల నేర్పు బయటపడేది మాత్రం చివరి రోజుల్లో, ఇంటిదారి పట్టాకే.

సెప్టెంబరు నెలాఖరులో ఉత్తర ఇటలీలోని విన్ష్‌గౌ లోయ నిండా యాపిల్ కోతలు. మ్యూనిక్ వైపు తిరిగి వెళ్లే బళ్లకు ఇక్కడే, ప్రాటో దగ్గర, ఒక ఆశ పుడుతుంది. పక్కనే స్టెల్వియో దారి. ఎత్తు 2,757 మీటర్లు, ప్రాటో వైపే 48 హెయిర్‌పిన్ మలుపులు. కార్లో డొనెగాని అనే ఇంజనీరు 1820-25 మధ్య గుర్రపు బళ్ల కాలంలో వేసిన రోడ్డు అది. ఇన్నాళ్లూ అన్నీ చూశాం, ఇదొక్కటీ ఎందుకు వదలాలి అనిపిస్తుంది. వదలాలి. ఆ మలుపుల్లో కారవాన్‌ని తిప్పడానికి చోటు చాలదు, మధ్యలో ఇరుక్కుంటే ముందూ వెనకా అందరూ ఆగిపోతారు. తెలిసినవాళ్లు నేరుగా రెషెన్ కనుమకు వెళ్తారు. ఎత్తు 1,507 మీటర్లే. రోమన్ల వియా క్లౌడియా అగస్టా కూడా ఈ కనుమ మీదుగానే సాగింది.

కనుమ దగ్గరి జలాశయంలోంచి 14వ శతాబ్దపు చర్చి గంట గోపురం ఒక్కటే పైకి కనిపిస్తుంది. 1950లో నీళ్లు నింపినప్పుడు గ్రౌన్ అనే ఊరు మునిగిపోయింది. అందరూ ఫొటో తీసుకుని పోతారు. శ్రీశైలం ముంపులో ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు అక్కడ నిలబడితే ఫొటోతో సరిపెట్టుకోలేరు.

ఆ ఎత్తున రాత్రి బస చేస్తే గ్యాస్ సంగతి చూసుకోవాలి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. రెండూ కలిసిన సిలిండర్‌లో ముందు ఎక్కువగా ఖర్చయ్యేది ప్రొపేన్. అందుకే యాత్ర చివర్లో, గడ్డకట్టే తెల్లవారుజామున, సిలిండర్ ఎత్తి చూస్తే బరువుగానే ఉంటుంది, స్టవ్ మాత్రం అంటుకోదు. కాఫీ లేదు, హీటర్ లేదు. బయల్దేరే రోజే ప్రొపేన్ సిలిండర్ తీసుకుంటే ఈ బాధ ఉండదు.

అక్కణ్నుంచి ఆస్ట్రియాలోని లాండెక్ దాకా దాదాపు 700 మీటర్లు దిగాలి. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలని మన ఘాట్ రోడ్ల డ్రైవర్లు చెప్పే మాట ఇక్కడా అక్షరాలా చెల్లుతుంది. కారవాన్‌తో ఇంకో చిక్కు ఉంది. దాని బ్రేకులకు విడిగా పెడల్ ఉండదు. కారు నెమ్మదిస్తే వెనక బండి ముందుకు తోస్తుంది, ఆ తోపుడుకే దాని బ్రేకులు పడతాయి. వాలులో తోపుడు ఆగదు కనుక, కారును చిన్న గేరులో ఇంజన్ మీద ఎంత పట్టి దింపినా కారవాన్ బ్రేకులు మాత్రం కాగుతూనే ఉంటాయి. వెడల్పు చోటు దొరికినప్పుడల్లా పక్కకు తీసి ఆపాలి. చక్రం దగ్గర చెయ్యి పెడితే, ముట్టుకోకుండానే సెగ తగులుతుంది. అది చల్లారేదాకా కదలకూడదు. వెనక వరస కట్టిన కార్లకు దారి ఇచ్చినట్టూ అవుతుంది.

అదే రోజుల్లో లాండెక్ ఉన్న తిరోల్ ప్రాంతపు రోడ్ల మీద ఆవులూ దిగుతుంటాయి. వేసవంతా కొండ మీది పచ్చికల్లో మేసిన మందలను పూలతో, పెద్ద గంటలతో అలంకరించి ఊళ్లోకి తోలుకొస్తారు. వేసవిలో మందకు ఏదైనా కీడు జరిగితే ఆ ఏడు ఆనవాయితీగా అలంకరణ ఉండదు. కొండ ఎక్కించినందుకు కాదు, క్షేమంగా దింపినందుకు చేసుకునే పండగ ఇది. మంద ఎదురైతే ఇంజన్ ఆపేసి కూర్చోవడమే, హారన్ కొట్టకూడదు.

జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగువాళ్లు మ్యూనిక్‌లో బండి అద్దెకు తీసుకుని ఇటు వెళ్తుంటే ఒక్క మనవి. ప్రాటో నుంచి మ్యూనిక్ దాకా ఒకే రోజులో రావాలని పెట్టుకోకండి. రెషెన్ దాటాక ఫెర్న్ కనుమ కూడా ఉంది, ఎక్కి మళ్లీ దిగాలి. పైగా మురుగునీళ్లు, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసి, బండి కడిగి అప్పగించాలి. మధ్యలో లాండెక్ దగ్గర ఒక రాత్రి ఆగండి. అదీ క్యాంప్‌సైట్‌లోనే, తిరోల్‌లో వాటి బయట మకాం వేయడానికి చట్టం ఒప్పుకోదు.