రాజముద్రలో మౌలికత

బస్తర్ దక్షిణపు అంచున, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న మరైగూడ ప్రాంతానికి కాకతీయుల పేరు రెండు దారులలో చేరింది. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తర్‌లో రాజ్యం స్థాపించాడని రాజవంశ సంప్రదాయం చెబుతుంది. కప్పం కోసం దండెత్తిన కాకతీయ సేనను మేడారంలో ఎదిరించిన సమ్మక్క, సారలమ్మల గాథను కోయలు తరతరాలుగా నిలుపుకున్నారు. ఒకే వంశం ఒక కథలో సింహాసనానికి మూలపురుషులనిచ్చింది; మరొక కథలో అడవి బిడ్డలపైకి సేనను పంపింది. 2024లో తెలంగాణ రాజముద్రపై రేగిన వివాదాన్ని ఈ రెండు స్మృతుల నడుమ నిలిపి పరిశీలించడం సముచితం.

2014లో రాష్ట్రావతరణ వేళ చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రూపొందించిన చిహ్నంలో కాకతీయ కళాతోరణం, దాని నడుమ చార్మినార్, పైన అశోకుని సింహాలు ఉన్నాయి. ఇందులో ఏ అంశమూ చిత్రకారుని కల్పన కాదు. అంతమాత్రాన దానిని అనుకరణ అనడం తగదు. జాతీయ చిహ్నం సారనాథ్ స్తంభశీర్షం నుంచి, ఆంధ్రప్రదేశ్ చిహ్నంలోని పూర్ణకుంభం అమరావతి శిల్పం నుంచి వచ్చాయి. రాజముద్రకు పూర్వరూపం ఉండడం లోపం కాదు. అది దాని ధర్మం. ఓరుగల్లు కోటలో స్వయంభూ శివాలయానికి ద్వారాలుగా నిలిచిన తోరణాలలో ఒకదానిని తీసుకొని, 1591 నాటి చార్మినార్‌ను దాని లోపల నిలపడం ఏ పూర్వశిల్పీ చేయని కూర్పు. ఆ చిహ్నంలోని మౌలికత ఈ కూర్పులోనే ఉన్నది.

2024 ఫిబ్రవరిలో రాష్ట్ర మంత్రివర్గం చిహ్నాన్ని మార్చాలని నిర్ణయించింది. రాచరికపు ఆనవాళ్లు ప్రజాస్వామ్యానికి తగవన్నది ప్రభుత్వ వాదం. చిత్రకారుడు రుద్ర రాజేశం నమూనాలు సిద్ధం చేశారు. తోరణాన్నీ, చార్మినార్‌నూ తొలగించడం చరిత్రను చెరిపివేయడమేనని ప్రతిపక్షం ఆక్షేపించింది. జూన్ 2న తలపెట్టిన ఆవిష్కరణ వాయిదా పడింది. ఏయే కట్టడాలు ఉండాలన్న దానిపైనే ఇరుపక్షాల వాదం సాగింది. వాటి కూర్పుకు అర్థమేమిటన్న ప్రశ్న మరుగున పడింది.

విమర్శను ఎదుర్కొనే తీరుకు టోక్యో ఒలింపిక్ చిహ్నం తగిన పాఠం. 2015లో కెంజిరో సానో గీసిన చిహ్నం బెల్జియంలోని లీజ్ నాటకశాల చిహ్నాన్ని పోలి ఉన్నదన్న ఆరోపణ వచ్చింది. ఆయన అనుకరణను నిరాకరించారు. నిర్వాహకులు తొలి చిత్తు నమూనాను బయటపెట్టినా సందేహం తీరలేదు. సెప్టెంబరు 1న చిహ్నాన్ని ఉపసంహరించారు. మరుసటి ఏడాది తుది పరిశీలనకు మిగిలిన నాలుగు నమూనాలను ముందే ప్రజల ముందుంచి, అసావో తొకోలో కృతిని ఎంపిక చేశారు. ఆరోపణ వచ్చిన తరువాత చూపిన చిత్తు సంజాయిషీగా మిగులుతుంది. ముందుగా చూపినది చర్చకు ఆహ్వానమవుతుంది.

చిహ్నం గీసే చిత్రకారుడు, ఆమోదించే ప్రభుత్వం తాము చేర్చిన ప్రతి రూపానికీ, విడిచిన ప్రతి రూపానికీ కారణం చెప్పగలిగి ఉండాలి. తోరణాన్ని ఉంచదలచినవారు మేడారం గాథకు సమాధానం చెప్పవలసి ఉంటుంది. తొలగించదలచినవారు దానిని మలచిన శిల్పుల శ్రమకు సమాధానం చెప్పవలసి ఉంటుంది. ఆ రాతిని చెక్కినవారు రాజులు కారు. సరిహద్దుకు ఆవల కోయ ఇంట ఆ తోరణం ఎలా కనిపిస్తుందని అడిగిన నాడే రాజముద్రపై విమర్శ పరిపూర్ణమవుతుంది.