వసంతము: ఉద్దీపనమా, ఆలంబనమా?

మన యాలంకారికులు వసంతమునకు కావ్యమున నిర్ణయించిన స్థానము సుపరిచితము. అది శృంగారమునకు ఉద్దీపనవిభావము. నాయికానాయకులు ఆలంబనములు, మలయమారుతము, కోకిలారవము, మావిచిగురు వారి రతిని ప్రజ్వలింపజేయు సామగ్రి. వ్యాధియో, 33 వ్యభిచారిభావములలో ఒకటి. ప్రబంధములలో ఈ రెండును కలిసినపుడు వానికి తరచుగా వైరమే. వసుచరిత్రమందలి వసంతవర్ణనము శబ్దమాధుర్యమునకు పేరెన్నిక గన్నది. ఆ కావ్యమందే విరహిణియైన గిరికకు వెన్నెలయు చల్లగాలియు తాపహేతువులు. వసంతము విరహరోగమును పెంచుటయు, శిశిరోపచారములు నిష్ఫలమగుటయు ప్రబంధకవులకు ఆచారమైనవి.

అయితే దీనికి విపరీతమైన అనుభవ మొకటి లోకమున కలదు. దీర్ఘవ్యాధినుండి తేరుకొనుచున్నవాడు పథ్యము పుచ్చుకొని, గోడ పట్టుకొని గుమ్మము దాటి, చిగురించుచున్న చెట్టును చూచినపుడు కలుగు ఆనందమును ఏ పేరున పిలువవలెను? అచట నాయిక లేదు. వసంతము మఱియొక భావమును ఉద్దీపింపజేయుట లేదు. తానే ఆనందమునకు విషయ మగుచున్నది. ఈ అనుభవమును ఆశ్రయించిన మూడు రచనలను పరిశీలించి, అది రసశాస్త్రమున ఎచట నిలుచునో విచారింతము.

మొదటిది ఆంగ్లకవి థామస్ గ్రే 1754 ప్రాంతమున ఆరంభించి అసంపూర్ణముగా విడిచిన గీతము. 1771లో గ్రే మరణించిన పిదప మిత్రుడు మేసన్ దీనిని 1775లో ప్రకటించెను. అందు వసంతోదయవర్ణనము ముందు వచ్చును. పిదప రోగశయ్యనుండి లేచినవానికి సామాన్యమైన పువ్వు, గాలి, ఎండ స్వర్గతుల్యము లగుననుట వచ్చును. భావము సత్యము. కాని గ్రే చెప్పినది ఒకానొక రోగిని గూర్చి. తన్ను గూర్చి కాదు. సుఖదుఃఖముల మార్పే ఆనందహేతువను సిద్ధాంతమునకు ఆ రోగి దృష్టాంతమాత్రము. కావున ఆ పువ్వునకు పేరు లేదు. అర్థాంతరన్యాసమునకు ఎంత ప్రాణముండునో ఆ ఘట్టమునకు అంతయే ప్రాణము కలదు.

రెండవది పద్యము కాదు, లేఖ. కీట్సు 1820 ఫిబ్రవరి 3వ తేదీ రాత్రి రక్తము కక్కెను. వైద్యవిద్య నభ్యసించినవాడు గనుక దాని యర్థ మతనికి తెలియును. సుమారు పదిదినములకు మిత్రుడు జేమ్స్ రైసునకు వ్రాసిన జాబులో, ఈ వ్యాధి తన మనస్సునుండి మోసపుచ్చు తలపుల బరువును దింపినదనియు, లోకమును విడువవలసివచ్చునేమో యను భయము దాని సౌందర్యమును ఆశ్చర్యకరముగా ముద్రించినదనియు చెప్పెను. అద్దపుటిండ్లలో పెంచెడి విదేశపుష్పములు ఎంత సుందరములైనను అతనికి అక్కఱలేదు. బాల్యమునుండి ఎఱిగిన స్వదేశపు వసంతకుసుమములనే మరల చూడగోరెను.

ఇచట గమనింపవలసిన దొకటి కలదు. ఫిబ్రవరి నడుమ ఆ దేశమున వసంత మింకను పూర్తిగా రాలేదు. కీట్సు ఆనందించినది కన్నుల యెదుటి పూలను కాదు, రానున్న పూలను. ఆ ఆనందమున అంచుపొడుగునను భయము కలదు. ఆ వసంతమును అతడు చూచెను. 1821 ఫిబ్రవరి 23న రోమునగరమున మరణించుటచే మఱుసటి వసంతమును చూడలేదు.

మూడవది రవీంద్రుని ‘ఆరోగ్య’ సంపుటము. 1940 సెప్టెంబరులో కాలింపాంగున తీవ్రముగా జబ్బుపడిన కవి, ఆ యేటనే ‘రోగశయ్యాయ్’ను, 1941లో దీనిని వెలువరించెను. ఇందలి మొదటి గీతమున భూమి ధూళియే మధుమయముగా తోచును. ఋగ్వేదమందలి మధుమతీ ఋక్కుల భావము ఇచట శ్రుతిస్మరణముగా కాక స్వానుభవముగా పునరుజ్జీవించినది. గ్రే పువ్వుకడ ఆగెను. రవీంద్రుడు పువ్వు మొలచెడి మట్టివఱకు దిగెను. ఆ కవియు 1941 ఆగస్టు 7న మరణించెను. పేరు ఆరోగ్యమైనను, ఆ యానందము ఆరోగ్యప్రాప్తిపై ఆధారపడినది కాదు.

ఇక శాస్త్రవిచారము. ప్రకృతివిషయకమైన రతి భావమాత్రమేకాని రసము కాజాలదని కొంద రనవచ్చును. దేవాదివిషయకరతిని మమ్మటుడు భావమనియే చెప్పెను గదా. ఈ యాక్షేపము త్రోసివేయదగినది కాదు. కాని ఇచటి స్థాయి రతి కాదు, విస్మయమని మా అభిప్రాయము. అద్భుతమునకు లోకోత్తరవస్తువు ఆలంబనము కావలెనందురు. పెరటిలోని పువ్వు లోకోత్తర మెట్లగును? వ్యాధియే దాని నట్లు చేయుచున్నది. నిత్యపరిచయమువలన మన కన్నులకు గప్పిన పొరను అది తొలగించుచున్నది. శృంగారమున సంచారిగా వచ్చిపోవు వ్యాధి, ఇచట దృష్టిని సంస్కరించు హేతువైనది. వసంతము ఆలంబనమైనది.

ఈ భేదమును పాటించినచో మన ఋతువర్ణనములను చదువు విధముకూడ మారును. అష్టాదశవర్ణనములలో భాగముగా వచ్చిన ప్రతి వసంతమును అలంకారసంఖ్యతో కొలుచుట మన తరగతులలో అలవాటు. కవి ఆ ఋతువును నాయికకై పిలిచెనా, తాను దానిని కోలుపోవుదునేమో యని తలచి చూచెనా అను ప్రశ్న వేయుట అరుదు. మొదటిదానిని నిందింపనక్కఱలేదు, దాని సొంపు దానికి కలదు. కాని రెండవది కనబడినపుడు దానిని మొదటి కొలతతో కొలిచి తక్కువ చేయరాదు. ఆధునికాంధ్రకవిత్వమున ప్రకృతిని గూర్చి పరిశోధించువారు ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని పోయినచో, వర్ణనలుగా మనము దాటివచ్చిన పద్యములలో కొన్నిటియందైనను జీవితమును తిరిగి పొందినవాని కృతజ్ఞత వినబడునని మా విశ్వాసము.