విధేయత, విన్నపం, ధిక్కారం: కతోలిక మఠకన్యల బహిరంగ అసమ్మతి – గుంటూరు నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య విమర్శలో ‘ధిక్కారం’ చాలాకాలంగా మెచ్చుకోలు మాట. దళిత, స్త్రీవాద రచనలను పరిశీలించే సిద్ధాంత గ్రంథాలు రచయిత్రి స్వరంలో తరచుగా ముందు వెదికేది దానినే. ‘విధేయత’ అందుకు ఎదురుగా, లోబడిపోవడానికి పర్యాయపదంగా నిలిచింది. కతోలిక మఠకన్యల విషయంలో ఈ జంట పదాలు సరిగా పనిచేయవు. పేదరికం, బ్రహ్మచర్యంతోపాటు విధేయత కూడా ఆమె తానుగా స్వీకరించిన వ్రతం. ఆ వ్రతాన్ని విడువకుండానే శ్రీసభ బోధనతోనో, నియమంతోనో బహిరంగంగా విభేదించిన మఠకన్యను ఏమని పిలవాలి? విశ్వాసఘాతకురాలని ఒక పక్షం, విప్లవకారిణి అని మరో పక్షం అంటున్నాయి. శ్రీసభ ఒక మాటను విన్నపంగా స్వీకరించడానికీ ధిక్కారంగా దండించడానికీ మధ్య తేడా చాలా సందర్భాలలో ఆ మాటలోని విషయాన్ని బట్టి కాక, అది ఎవరిని ఉద్దేశించి పలికినదన్న దానిని బట్టి ఏర్పడుతోందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు గుంటూరు చరిత్రే మొదటి ఆధారం.

గుంటూరు ఉదాహరణ

మఠవాసులు వైద్యవృత్తి చేపట్టరాదన్నది శ్రీసభలోని పాత కట్టడి. 1917 నాటి శ్రీసభ చట్టం దానిని క్రోడీకరించింది. పోపు ప్రత్యేక అనుమతి లేనిదే గురువులు వైద్యం, శస్త్రచికిత్స చేయరాదని 139వ నిబంధన శాసించగా, 592వ నిబంధన దానిని మఠవాసులందరికీ వర్తింపజేసింది. వైద్య పట్టా ఉన్న స్త్రీ మఠంలో చేరదలిస్తే వృత్తిని వదులుకోవలసి వచ్చేది. పురుష వైద్యుని ఎదుటికి రాలేని స్త్రీలు చికిత్స లేక మరణిస్తున్నారని, ఈ కట్టడిని సడలించాలని రోముకు పలుమార్లు విన్నవించినవారు స్కాట్లాండ్ వైద్యురాలు ఆగ్నెస్ మెక్‌లారెన్. ఆమె 1913లో మరణించారు.

ఆమెను గురించిన చిన్న పుస్తకాన్ని 1915లో మెల్‌బోర్న్‌లో చదివిన నేత్రవైద్యురాలు మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. సభలో చేరారు. వైద్యం చేయడానికి ఆమెకు పదిహేనవ బెనెడిక్టు పోపు ప్రత్యేక అనుమతి లభించింది. 1917 చట్టాన్ని ప్రకటించిన పోపు కూడా ఆయనే. చిన్న మందుల గదిగా ఉన్న చోటు ఆమె చేతులమీదుగా సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా పెరిగింది. స్థానిక స్త్రీలు అక్కడ నర్సులుగా, మంత్రసానులుగా, మందులిచ్చేవారుగా శిక్షణ పొందారు. 1936 ఫిబ్రవరి 11న రోములోని మతవ్యాప్తి సభ ఒక ఆదేశపత్రం ద్వారా మిషన్ ప్రాంతాల మఠకన్యలు వైద్య, ప్రసూతి విద్యలు నేర్వడాన్ని అనుమతించడమే కాక ప్రోత్సహించింది. 1920లో మినహాయింపుగా ఉన్నది పదహారేళ్లలో విధానమైంది.

మేరీ గ్లౌరీని ధిక్కారిణిగా చిత్రిస్తే చరిత్రకు అన్యాయం జరుగుతుంది. ప్రాణరక్షణ విషయంలో శ్రీసభ నైతిక బోధనను ఆమె దృఢంగా సమర్థించారు. అయితే ఆమెను కేవలం విధేయతకు నిదర్శనంగా చూపడం కూడా అసమగ్రమే. ఆమె వైద్యసేవకు దారి తీసింది ఒక నియమాన్ని తప్పని వాదించిన స్త్రీ మాట. ఆ వాదన చేసిన మెక్‌లారెన్ మఠకన్య కారు. నియమం ఎవరి చేతులు కట్టివేసిందో వారు కాక, దాని వెలుపల ఉన్న స్త్రీ వాదించవలసి వచ్చింది. ఆ వాదన అధికారుల చెవిన మాత్రమే పడింది గనుక అది విన్నపమైంది. గుంటూరు మఠకన్యల చరిత్రను సేవాగాథగా మాత్రమే చెప్పుకొన్నప్పుడు ఈ వాదన కనుమరుగవుతుంది.

అసమ్మతిలో మూడు విధాలు

నేటి వివాదాలలో కనిపించే గందరగోళానికి మూడు వేర్వేరు విషయాలను కలిపి చూడడం ఒక కారణం. మొదటిది సిద్ధాంతంతో విభేదం. గర్భస్రావంపై కతోలికులలో ఒకే అభిప్రాయం లేదని 1984లో న్యూయార్క్ టైమ్స్‌లో వెలువడిన ప్రకటనపై కొందరు అమెరికా మఠకన్యలు సంతకం చేశారు. ఉపసంహరించుకోవాలని వాటికన్ కోరింది. చివరివరకు అంగీకరించని బార్బరా ఫెరారో, పట్రీషియా హస్సీ 1988లో తమ సభను విడిచిపెట్టారు. అక్కడి ప్రశ్న నేరుగా బోధనకు సంబంధించినది. రెండవది క్రమశిక్షణా నియమంతో విభేదం. గుంటూరు వైద్య నిషేధం ఈ కోవకు చెందుతుంది. ఇటువంటి నియమాలు మారగలవు, మారాయి కూడా. మూడవది శ్రీసభలోని వ్యక్తులు అన్యాయం చేశారన్న ఆరోపణ. దీనికి సిద్ధాంతంతో సంబంధమే లేదు.

2018 సెప్టెంబరులో కొచ్చిలో మఠకన్యలు చేసిన నిరసన ఈ మూడవ కోవలోనిది. జలంధర్ బిషప్‌పై అత్యాచార ఆరోపణ చేసిన తోటి మఠకన్యకు న్యాయం కావాలన్నదే వారి కోరిక. 2022 జనవరిలో కొట్టాయం న్యాయస్థానం బిషప్‌ను నిర్దోషిగా ప్రకటించింది. ఆ తీర్పు నేరం రుజువైందా లేదా అన్న ప్రశ్నకు సమాధానం. మఠకన్యలు వీధిలోకి రావచ్చునా అన్నది వేరే ప్రశ్న. వారికి మద్దతు తెలిపిన లూసీ కలప్పుర 2019లో ఫ్రాన్సిస్కన్ క్లారిస్ట్ సభ నుండి బహిష్కృతురాలయ్యారు. అనుమతి లేకుండా కవితాసంపుటి ప్రచురించడం, కారు కొనడం, మాధ్యమాలలో మాట్లాడడం ఆమెపై చూపిన కారణాలలో ఉన్నాయి. ఇవి క్రమశిక్షణకు సంబంధించిన అభియోగాలు. న్యాయం కోసం మాట్లాడినందుకే దండించారని ఒకరు, వ్రతభంగానికే దండించారని మరొకరు అంటున్నప్పుడు వారు మాట్లాడుతున్నది రెండు వేర్వేరు కోవల గురించి.

వాదప్రతివాదాలు

విధేయతా పక్షం వాదనను తేలికగా తీసుకోరాదు. 1990లో వేదాంతుల పాత్రపై వాటికన్ వెలువరించిన పత్రం, బోధనతో ఇబ్బంది కలిగినవారు మాధ్యమాలను ఆశ్రయించక బాధ్యులైన అధికారులకు నివేదించాలని చెప్పింది. దానికి భారతీయ సందర్భంలో మరో భయం తోడవుతుంది. అల్పసంఖ్యాక సమాజంలోని తగవు వీధికెక్కితే ప్రత్యర్థులకు ఆయుధమవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల షెడ్యూల్డ్ కుల హోదాకు దూరమైన దళిత క్రైస్తవులున్న గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప పల్లెలలో ఈ భయం కల్పితం కాదు. సిస్టరమ్మల బడికి పిల్లలను పంపే తల్లిదండ్రుల నమ్మకమూ ఇందులో ఇమిడి ఉంది.

అయినా ఈ వాదనలో ఒక లోపం ఉంది. లోపలి ద్వారం తట్టాలని చెప్పేవారు, ఆ ద్వారం తెరుచుకోనప్పుడు ఏం చేయాలో చెప్పరు. కొచ్చి ఉదంతంలో ఫిర్యాదుదారు పోలీసులను ఆశ్రయించకముందే శ్రీసభ పెద్దలకు లేఖలు రాశారు. పైగా 1983 నాటి శ్రీసభ చట్టంలోని 212వ నిబంధన, శ్రీసభ మేలుకు సంబంధించిన అభిప్రాయాన్ని కాపరులకే కాక తోటి విశ్వాసులకు కూడా తెలియజేసే హక్కును, విశ్వాసానికీ నైతికతకూ పెద్దల గౌరవానికీ భంగం లేకుండా, విశ్వాసులందరికీ ఇచ్చింది. విధేయతను నిర్వచించే 601వ నిబంధన, పెద్దలు తమ సభ నియమావళికి అనుగుణంగా ఆజ్ఞాపించినప్పుడే అది కట్టుబాటవుతుందని పరిమితి విధించింది. వ్రతం మఠకన్య హక్కుకు హద్దులు గీయవచ్చు కాని జ్ఞానస్నానంతో వచ్చిన హక్కును రద్దు చేయదు. 1979లో వాషింగ్టన్‌లో సిస్టర్ థెరెసా కేన్, స్త్రీలకు శ్రీసభలోని అన్ని సేవాబాధ్యతలలో చోటుండాలని రెండవ జాన్ పాల్ పోపు సమక్షంలోనే, అందరి ఎదుట వినమ్రంగా కోరారు. ఉద్దేశించినది అధికారినే, విన్నది లోకమంతా. విన్నపానికీ ధిక్కారానికీ మధ్య గీసిన గీత ఎంత పలుచనిదో ఆ ఒక్క సందర్భం తెలుపుతుంది.

ముగింపు

బహిరంగంగా మాట్లాడిన ప్రతి మఠకన్యనూ ధిక్కారానికి ప్రతీకగా స్వీకరించడం వల్ల విమర్శకు లాభం లేదు. ఆమె విభేదించినది సిద్ధాంతంతోనా, నియమంతోనా, వ్యక్తుల ప్రవర్తనతోనా? బహిరంగ వేదిక ఎక్కకముందు ఆమె ఏ ద్వారాలు తట్టింది, వాటి వెనుక నుండి ఏ సమాధానం వచ్చింది? ఈ ప్రశ్నలకు సమాధానం దొరకనిదే ఆమె మాటకు పేరు పెట్టరాదు. ఆంధ్ర ప్రాంత మఠకన్యల చరిత్రపై పనిచేసే పరిశోధకులు ఆసుపత్రుల, బడుల స్థాపన సంవత్సరాలతో పాటు అనుమతులు కోరిన లేఖలను, వాటికి అందిన జవాబులను, జవాబు రాని వాటిని కూడా ఆధారాలుగా చదవవలసి ఉంది. 1936 ఆదేశపత్రం మఠకన్యలకు ప్రసూతి వైద్యాన్ని అనుమతించేనాటికి మెక్‌లారెన్ మరణించి ఇరవైమూడేళ్లు. లోపలి ద్వారం వద్ద నిరీక్షణకు ఎంత మూల్యమో ఆ వ్యవధి చెబుతుంది. ఆ మూల్యాన్ని చెల్లించినవారు విన్నవించినవారు మాత్రమే కాదు, ఆ కాలంలో వైద్యం అందని స్త్రీలు కూడా.